రెండోసారి అడిగితే

సిల్వానో చెర్నెకా అడవికి వెళ్ళాలంటే ముందు చర్చి వైపు నడిచేవాడు. చర్చికి వెళ్ళాలంటే ముందు అడవి వైపు నడిచేవాడు. ఈ పద్ధతి ద్రేనా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసు గనకనే అతను అప్పుడప్పుడూ చర్చి వైపు నడిచి, నిజంగానే చర్చికి పోయేవాడు. ఊళ్ళోవాళ్ళను తికమక పెట్టడం కోసమే ఇతను దేవుణ్ణి నమ్ముతున్నాడని అక్కడి ఫాదరీ అనుకునేవాడు. ఆ ఫాదరీకి కూడా ఒక కుక్క ఉంది. అందుకని పాపాలు ఒప్పుకునేటప్పుడు సిల్వానో తాగుడూ తిట్లూ అన్నీ చెప్పేవాడు గాని, ఏ రోజు ఎక్కడ తిరిగాడో మాత్రం చెప్పేవాడు కాదు. దేవుడు చూస్తూనే ఉంటాడు, ఆయనకు విడిగా చెప్పక్కర్లేదు. మధ్యలో ఫాదరీకి ఎందుకు?

మిర్నా నది ఒడ్డు తడి మట్టిలో, ఓక్ చెట్ల వేళ్ళను కరుచుకుని, నేల లోపల తార్తుఫు పుడుతుంది. చూడడానికి మట్టిలో దొర్లిన బంగాళాదుంప. వాసనకు మాత్రం వెల్లుల్లి, పాత జున్ను, వాన పడ్డ పశువులపాక కలిసినట్టుంటుంది. దాన్ని పల్చగా తరిగి గుడ్ల అట్టు మీద చల్లితే పట్నం పెద్దమనుషులు కళ్ళు మూసుకుని తింటారు. మనిషి ముక్కుకు అది దొరకదు, కుక్క ముక్కుకే దొరుకుతుంది. ఒక ఏడు దొరికిన చోట మరుసటి ఏడు కూడా దొరుకుతుంది. కాబట్టి ఆ ఊళ్ళో ఆస్తి అంటే చోటు. దానికి పట్టా లేదు, కంచె లేదు, మూసుకున్న నోరే దానికి కంచె. ద్రేనాలో మగవాళ్ళు గుంట తవ్విన తర్వాత మట్టి పూడ్చి, పైన ఆకులు పరిచి, ఆ ఆకుల్ని కూడా గాలికి రాలినట్టు అటూ ఇటూ తిప్పి వస్తారు. సిల్వానో అయితే ఒకసారి ఆకుల మీద చీమల్ని కూడా వదిలాడని చెప్పుకుంటారు. అంత నమ్మక్కర్లేదు. చీమలు వాటంతటవే వచ్చి ఉంటాయి.

ఈ విద్య అతనికి తండ్రి జ్వానే నేర్పాడు. పదేళ్ళప్పుడు అడవిలోంచి వస్తూ చెప్పాడు: "ఎక్కడికెళ్ళావని ఎవడైనా అడిగితే ఏదో ఒకటి చెప్పు. అడిగినవాడి మొహం మీద తలుపేస్తే పగబడతాడు. కానీ అదే మాట రెండోసారి అడిగితే ఇంకోటి చెప్పు. రెండుసార్లు ఒకే మాట చెప్పావంటే అది దారవుతుందిరా. ఆ దారమ్మట ఎవడైనా నడిచొచ్చేస్తాడు."

ఈ నీతి ఒక్క జ్వానేదే కాదు, ఊరందరిదీ. ద్రేనాలో పిల్లలు నడక నేర్చిన కొన్నాళ్ళకే దీన్నీ నేర్చుకుంటారు. జ్వానే దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, చావుబతుకుల్లో ఉన్నప్పుడు కొడుకు మంచం పక్కన కూర్చుని, "నాన్నా, ఆ పెద్ద చోటు ఎక్కడ?" అని అడిగితే, "వాగు మలుపు దగ్గర" అన్నాడు. సరిగా వినబడలేదని సిల్వానో మళ్ళీ అడిగాడు. "స్మశానం గోడ వెనకాల" అన్నాడు. మూడోసారి అడగడానికి తండ్రి మిగల్లేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో సగం మంది జ్వానే కోసం ఏడిస్తే, మిగతా సగం ఆ చోటు కోసం ఏడ్చారు.

సిల్వానోకు పెళ్ళి కాలేదు. అర్మిదా అనే అమ్మాయితో దాదాపు కుదిరింది. ఒక ఆదివారం ఆమె, "నిన్న ఎక్కడికెళ్ళావు?" అని ముద్దుగానే అడిగింది. పాజిన్ సంతకన్నాడు. కాసేపయ్యాక మరిచిపోయి మళ్ళీ అడిగింది. బుజెత్‌లో పన్ను పీకించుకున్నానన్నాడు. అర్మిదా అతని నోట్లోకి చూసింది. పళ్ళన్నీ ఉన్నాయి. ఆ శీతాకాలమే ఆమె బస్సు డ్రైవర్ను చేసుకుంది. అతను ఏ వేళకు ఎక్కడుంటాడో బస్టాపులో అట్ట మీద రాసుండేది. ఆ డ్రైవర్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అర్మిదా ఊరి మధ్యలో చిన్న హోటలు నడుపుతోంది. సిల్వానో రోజూ అక్కడే తింటాడు. ఎక్కడికెళ్ళావని ఆమె ఇప్పుడు అడగదు.

పోయిన జనవరిలో సిల్వానో కుక్క మోరా చచ్చిపోయింది. అడవి బాటలో ఎవరో మందు కలిపిన మాంసం ముద్ద పడేశారు. ఒకడి కుక్క పోతే వాడి చోట్లు మిగతావాళ్ళకు ఆ ఏటికి ఖాళీ. ఎవరు పెట్టారో తెలియలేదు. ఊళ్ళో మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి టోపీ తీసి, "నేను కాదు సిల్వానో" అని చెప్పి పోయారు. రానివాడు ఒక్కడే, లివియో ప్రెంత్స్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కుక్కతో అడవికి పోయేవాళ్ళు. ఎవరి కుక్క వాళ్ళకు వచ్చేదాకా అన్నదమ్ముల్లా తిరిగారు. మోరా పోయిన పొద్దున ఆ బాట మొదట్లో సిల్వానో కంటబడ్డవాడు కూడా లివియోనే. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తర్వాత సిల్వానో దియానాను తెచ్చుకున్నాడు. గోధుమరంగు ఆడకుక్క, రెండేళ్ళది. వేసవంతా దానికి నేర్పి, తన చోట్లన్నీ తిప్పాడు. ముక్కు మోరాకంటే చురుకు. కానీ ఈలోగా అతని ఎడమ తుంటి అరిగిపోయింది. పట్నం ఆసుపత్రివాళ్ళు నవంబరు మధ్యలో ఆపరేషన్ అన్నారు. తెల్ల తార్తుఫుకు అది పెళ్ళిళ్ళ సీజనులాంటిది. వద్దంటే వరసలో మళ్ళీ ఆఖరికి పోవాలి, అప్పటికి కర్ర పట్టుకున్నా నడవలేడు. మూడు వారాలు ఊళ్ళో ఉండడు. దియానాను ఎవరికో ఒకరికి అప్పగించాలి.

దాన్ని పుచ్చుకున్నవాడు దాని ప్రాణాన్నీ పుచ్చుకుంటాడు, సిల్వానో చోట్లనూ పుచ్చుకుంటాడు. గొలుసు వదిలితే చాలు, దియానా ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్ళి చూపించేస్తుంది. కుక్కకు అబద్ధం చెప్పడం ఎవరూ నేర్పలేదు. "నా దగ్గర వదిలెయ్" అంది అర్మిదా. "నీ వంటింటి తలుపు రోడ్డు మీదకి తెరుచుకుంటుంది. ఎవడు ఏం విసిరేసినా తింటుంది" అన్నాడు. "మరైతే ఫాదరీకిచ్చెయ్." సిల్వానో ఆమె వైపు ఎలా చూశాడంటే ఆమె మళ్ళీ ఆ మాటెత్తలేదు.

సెప్టెంబరు ఆఖర్లో రక్తపరీక్షకు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వరండాలో అతని పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడలో గుర్తింపు కార్డు. పేరు లొరెదానా, మనసు జబ్బుల విభాగంలో పని.

"బార్బా, మీరు లోపలి ఊళ్ళవాళ్ళేనా?" అంది. ఆ వైపు పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు.

"ఎవరన్నారు?" అన్నాడు సిల్వానో.

"మీ బూట్లు. ఆ ఎర్రమట్టి."

సిల్వానో కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాడు.

ఆమె వచ్చిన పని చెప్పింది. ఎవర్నీ నమ్మలేనివాళ్ళు, జాలి లేనివాళ్ళు, ఊరికే మండిపడేవాళ్ళు, ఇలాంటి మనస్తత్వపు మెలికల్ని పసిగట్టడానికి వేరే దేశంలో వేరే భాషలో ఒక ప్రశ్నల పట్టీ తయారైంది. దాన్ని ఇక్కడి భాషలోకి మార్చారు. మార్చినదాన్ని, అసలు చూడని మరొకరిచేత వెనక్కి మార్పించి, రెండూ సరిపోయాయని చూసుకున్నారు. ఇలాగే చాలా దేశాల్లో చేస్తున్నారు. ఇప్పుడు మామూలు మనుషులకిచ్చి, అక్కడ తూచిన తక్కెడ ఇక్కడ కూడా తూస్తుందో లేదో చూడాలి. పట్నంవాళ్ళు చాలామంది దొరికారు, పల్లెలవాళ్ళే దొరకడం లేదు.

"మాకు తీరికుండదు" అన్నాడు సిల్వానో. ఆమె నొచ్చుకోకుండా ఒక కాగితాల కట్ట అతని పక్కన పెట్టి, "ఊరికే చూడండి" అని లోపలికి వెళ్ళింది. రక్తం తీసేవాళ్ళు పిలిచేదాకా అతను చూశాడు. ప్రతి వాక్యం పక్కనా అవును, కాదు అని రెండు గళ్ళు. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: 'నేను జంతువులను బాధపెట్టాను.'

ఆ వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది. తర్వాత కట్ట పట్టుకుని, తుంటి పట్టుకుని, ఆమె గది వెతుక్కుంటూ వెళ్ళాడు.

"ఎంతమంది కావాలమ్మా మీకు?"

"ఎంతమంది ఉంటే అంతమంది. మనసు మార్చుకున్నారేం?"

"జవాబులు నాకు చూపిస్తారా?"

"చూపించను. కాగితాల మీద పేర్లే ఉండవు బార్బా, నెంబర్లుంటాయి."

"సరే. మావాళ్ళలో సగం మందికి కళ్ళజోళ్ళు లేవు. ప్రశ్నలు మీరే పైకి చదవాలి, అందరూ ఒకేసారి గీయాలి" అన్నాడు. కళ్ళజోళ్ళు అందరికీ ఉన్నాయి. అందరూ ఒకే క్షణంలో ఒకే ప్రశ్న వింటే పొయ్యి పక్క కుర్చీలోంచి అందరి మొహాలూ కనబడతాయి. కాగితం దాచిపెట్టినా మొహం ఎక్కడికి పోతుంది? మందు పెట్టినవాడు బయటపడితే వాణ్ణి తీసేసి, మిగిలినవాళ్ళలో ఒకడికి దియానాను నిశ్చింతగా ఇవ్వచ్చు. అదీ అతని ఎత్తు.

అక్టోబరు మొదట్లో ఒక వానపూట అర్మిదా హోటల్లో అందరూ చేరారు. ఎవరి చెయ్యి వాళ్ళు కాగితానికి అడ్డం పెట్టుకుని బళ్ళో పిల్లల్లా కూర్చున్నారు.

"మీరు టాక్సువాళ్ళా?" అన్నాడొకడు.

"కాదండీ, ఆసుపత్రి."

"మేం అబద్ధాలాడతామో లేదో ఆసుపత్రికెందుకు?"

"మామూలు మనుషులు ఎలా చెబుతారో తెలుసుకోవాలి."

"మామూలు మనుషుల్ని వెతుక్కుంటూ ద్రేనాకొచ్చావా తల్లీ?" అంది అర్మిదా, కూజా బల్ల మీద పెడుతూ.

లొరెదానా చదవడం మొదలుపెట్టింది. "ఎవరో నన్ను వెంబడిస్తున్నారని నాకు తరచు అనిపిస్తుంది."

"అనిపించడమేంటి? వెంబడించేవాడు ఇడుగో, నా పక్కనే కూర్చున్నాడు" అన్నాడు వంతెన దగ్గరుండే ముసలాయన.

"నేనేం వెంబడించలా. నువ్వే నా ముందు నడుస్తున్నావు" అన్నాడు పక్కవాడు.

"నాకు తెలిసిన సంగతులు ఇతరులకు చెబితే వాటిని నా మీదే ప్రయోగిస్తారు."

అందరూ తలలూపారు. "ఈ ప్రశ్న రాసినాయనకి కుక్కుండుంటుంది" అని ఒకడు మెచ్చుకున్నాడు.

"అవసరం లేకపోయినా అబద్ధం చెబుతాను."

"అవసరం లేకపోవడం ఎప్పుడుంటుంది?"

"దయచేసి మాట్లాడకుండా గీయండి" అంది లొరెదానా.

సిల్వానో తన కాగితం మీద గబగబా గీసేస్తున్నాడు. అతని కళ్ళు బల్లలన్నీ తిరుగుతున్నాయి. జంతువుల ప్రశ్న వచ్చింది. ఆమె చదివింది. గదిలో ఒక్క కనురెప్ప కొట్టుకోలేదు. ఏళ్ళ తరబడి పేకాటలో అరిగిన మొహాలవి. చేతిలో రాజున్నా రెండున్నా ఒకేలా ఉంటాయి. లివియో ఒక్కడే, గీశాక లేచి వెళ్ళి కుళాయి దగ్గర నీళ్ళు తాగొచ్చాడు. దాహమేసిందా, గొంతెండిందా? ఆ నీళ్ళు సిల్వానోకు మూడు వారాలు నిద్ర పట్టనివ్వలేదు. బల్ల మీద వైనుండగా నీళ్ళెందుకు తాగాడు?

నవంబరు వచ్చింది. లొరెదానా మళ్ళీ వచ్చింది. అవే కాగితాలు, అవే ప్రశ్నలు. తక్కెడ నిలకడ చూడాలంటే ఒకే వస్తువును రెండుసార్లు తూచాలట.

"మళ్ళీ అవేనా?" అన్నాడు వంతెన ముసలాయన.

"అవే."

"అచ్చంగా అవే?"

"అచ్చంగా."

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. వేళాకోళం లేదు, సణుగుడు లేదు, పెన్సిళ్ళ చప్పుడొక్కటే. ఇంత బుద్ధిగా కూర్చున్నవాళ్ళను తను ఏ ఊళ్ళోనూ చూడలేదని లొరెదానా అర్మిదాతో చెప్పి సంతోషపడింది. సిల్వానో ఈసారి కూడా జంతువుల ప్రశ్న దగ్గర కళ్ళు చిట్లించి చూశాడు. లివియో నీళ్ళు తాగలేదు. అది ఇంకా అనుమానంగా తోచింది.

ఆపరేషనుకు రెండ్రోజులుందనగా సాయంత్రం సిల్వానో హోటల్లో సూపు తాగుతుంటే లొరెదానా కారు ఆగింది. మొహం వాడిపోయి ఉంది. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"బార్బా సిల్వానో, నిజం చెప్పండి. మీరంతా కూడబలుక్కుని నన్ను ఆటపట్టించారా?"

"ఏమైంది?"

"మొదటిసారి అవునన్నవన్నీ రెండోసారి కాదన్నారు. కాదన్నవన్నీ అవునన్నారు. ఒకరిద్దరు కాదు, ఆడమనిషని గీసిన ఒక్క కాగితం తప్ప అందరూ. లెక్కచేయకుండా గీసేవాళ్ళుంటారు, అలాంటివాళ్ళవి సగమైనా కలుస్తాయి. ఇంత శుభ్రంగా తలకిందులవడం నేనెక్కడా చూళ్ళేదు. అక్టోబర్లో మీ ఊరు ఎవర్నీ నమ్మదు. నవంబర్లో అందర్నీ నమ్మేస్తోంది. మా పెద్దాయన కాగితాలు తిరగేసి పట్టుకున్నావేమో చూసుకోమన్నారు."

అర్మిదా కూజా కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "అదేంటమ్మా, నువ్వు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగావుగా?"

లొరెదానా ఆమెను చూసింది, సిల్వానోను చూసింది, కాసేపు కిటికీలోంచి అడవిని చూసింది. ఆ తర్వాత మెల్లగా నవ్వింది.

"మా తాత రొవిన్యులో చేపలు పట్టేవాడు. ఎక్కడ దొరికాయని మా నాయనమ్మ అడిగితే దీవి వెనకాల అనేవాడు. వంట చేస్తూ మళ్ళీ అడిగితే దీపస్తంభం దగ్గరనేవాడు. మతిమరుపేమో అనుకునేవాళ్ళం" అంది. "అయితే మీరు చెప్పిన రెండూ అబద్ధమేనా?"

"ఒకటి నిజమై ఉండొచ్చు" అన్నాడు సిల్వానో.

"ఏది?"

"అలా అడిగితే రెండోసారి అడిగినట్టవుతుంది."

ఆమె ఒక గ్లాసు అడిగి తెప్పించుకుంది. కోపం పోయినట్టుంది. ప్రశ్నలు తప్పు కావు, వీళ్ళ జవాబులూ తప్పు కావు, మధ్యలో నేను నిలబడ్డ చోటే తప్పు, అని తనలో తను అనుకుంది. తర్వాత, అలసిపోయిన మనిషి నోరు జారినట్టు, "ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఇద్దరు మగవాళ్ళు మాట మార్చలేదు. ఆ జంతువుల ప్రశ్న. మిగతావాళ్ళంతా అక్కడ కూడా తిప్పేశారు. ఈ ఇద్దరే రెండుసార్లూ కాదన్నారు" అంది. అనేసి నాలిక కరుచుకుంది.

సిల్వానో చెంచా ఆగింది. "ఎవరా ఇద్దరు?"

"నాకూ తెలీదు బార్బా. నెంబర్లేగా. తెలిసినా చెప్పేదాన్ని కాదు."

ఆ ఇద్దర్లో ఒకడు ఎవరో సిల్వానోకు తెలుసు. రెండోసారి అలవాటుగా అన్నీ తిప్పుకుంటూ పోయి, ఆ వాక్యం దగ్గర పెన్సిలు 'అవును' గడి మీద పెట్టాడు. మోరా బాట మీద వెల్లకిలా పడి ఉండడం కళ్ళకు కట్టింది. పెన్సిలు వెనక్కి తీసేశాడు. ఇంకొకడెవడు? ఆ వేళ ఆ గదిలో తనలాగే చెయ్యి వెనక్కి లాక్కున్నవాడు ఎవడో ఒకడున్నాడు. వాడికైతే దియానాను కళ్ళు మూసుకుని ఇవ్వచ్చు. ఆ ఆలోచన వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. మందు పెట్టినవాడు తెలివైనవాడై ఉంటే? ఎవరైనా కాగితాలు చూస్తారని ముందే పసిగట్టి, కావాలనే అలా గీసుంటే? మంచివాడూ అలాగే గీస్తాడు, మరీ చెడ్డవాడూ అలాగే గీస్తాడు. సిల్వానోకు సూపు చేదుగా తగిలింది.

లొరెదానా వెళ్ళాక అర్మిదా గిన్నె తీస్తూ అడిగింది. "లివియోని ఎప్పుడైనా అడిగావా?"

"ఏమని?"

"మోరా సంగతి."

"అడిగితే ఏం లాభం? కాదంటాడు. ఊరంతా వచ్చి కాదని చెప్పిపోయారు. వాడొక్కడే రాలేదు."

"అడక్కుండానే వచ్చి చెప్పినవాళ్ళని నమ్మావా?"

"నమ్మలా."

"చెప్పనివాణ్ణీ నమ్మలా. ఇంక నీ బాధేంటో నాకర్థం కాదు" అంది. గిన్నె తీసుకుని లోపలికి పోతూ, వెనక్కి తిరక్కుండానే, "నువ్వడుగుతావని చూస్తున్నాడేమో. నాకైతే అడగాల్సిన పనిలేని మనిషే కావాల్సొచ్చాడు" అంది.

రెండో రోజు పొద్దున సిల్వానో సంచి భుజాన వేసుకుని, దియానా గొలుసు పట్టుకుని బయల్దేరాడు. ముందు చర్చి వైపు తిరిగాడు. తుంటి కలుక్కుమంది. వెనక్కి తిరిగి తిన్నగా లివియో ఇంటికి నడిచాడు. బస్టాపు పక్కనే ఆ ఇల్లు. లివియో వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. చూసి గొడ్డలి దించాడు గాని కింద పెట్టలేదు.

"ఏం?" అన్నాడు. పది నెలల తర్వాత మొదటి మాట.

"నా మోరాకి మందు పెట్టింది నువ్వా?"

"కాదు."

సిల్వానో గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. "నువ్వేనా పెట్టింది?"

"కాదన్నాగా."

అదే మాట. ద్రేనాలో పుట్టిన మగవాడు పట్టపగలు, కుక్క సాక్షిగా, ఒకే మాట రెండుసార్లు అన్నాడు. లివియోకు కూడా ఆ సంగతి తెలిసొచ్చింది కాబోలు, చొక్కా గుండీ ఊడినవాడిలా తల దించుకుని, కట్టెల్ని కాలితో సర్దాడు.

"మరి చెప్పడానికి రాలేదేం?"

"నేను దోషినా, వచ్చి చెప్పుకోడానికి? నువ్వడగాలి. బాటలో దాన్ని ముందు చూసింది నేనే. నీకెలా చెప్పాలో తెలీక అక్కడే నిలబడ్డాను. నువ్వొచ్చి నా వంక చూసిన చూపుకి నోరు రాలేదు."

సిల్వానో దాన్ని నమ్మాడా లేదా అన్నది అతనికే తెలియదు. నమ్మే అలవాటు లేని మనిషికి అది పట్టు దొరకదు. కాని రోడ్డు కింద బస్సు హారన్ వినబడింది. గొలుసు ముందుకు చాపాడు.

"మూడు వారాలు. నీ దగ్గరుంచు."

లివియో ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇదేం ఎత్తు?"

"ఎత్తేం లేదు."

"దానికి జలుబు చేసినా ఊరంతా నన్నే అంటారు. అందుకేగా తెచ్చావు?"

"ఇంకెవరికీ ఇవ్వలేక తెచ్చాను. రోజూ అడవికి తీసుకెళ్ళాలి. లేకపోతే ముక్కు మొద్దుబారిపోతుంది."

"అది నీ చోట్లకి పోతుంది."

"పోతుంది."

"నేను చూసేస్తాను."

"చూస్తావు."

లివియో గొడ్డలి మొద్దులో దింపి అతణ్ణి ఎగాదిగా చూశాడు. "ఆపరేషన్ తుంటికా, తలకా?"

"ఎలాగూ అదే చూపిస్తుంది. దాని నోటినుంచి తెలియడం కంటే నా నోటినుంచి తెలిస్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు సిల్వానో. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. కోళ్ళున్నాయి. అయినా గొంతు తగ్గించాడు. "పాత పిండిమర వెనక కాలవ దాటగానే పిడుగు పడ్డ చెట్టుంది, దానికి ఉత్తరంగా. తర్వాత పోప్లర్ల వరసలో వంగిన చెట్టు మొదట్లో. మూడోది, ఓక్ చెట్ల గట్టు కింద, రాయి మీద నాచుంటుంది, ఆ రాయి నీడలో." బతికినన్నాళ్ళలో ఆ మాటలు బయటికి అనలేదు. అతని తండ్రి కన్నకొడుక్కే చెప్పకుండా పోయాడు. "పెద్దది మాత్రం మూడోదే" అన్నాడు ఆఖర్న.

లివియో శ్రద్ధగా విన్నాడు. విని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాచు పట్టిన రాయా? బాగుంది. కాస్త పిడుగు కూడా వేశావు. పోనీలే, నేను పోకూడని చోట్లేవో తెలిశాయి. సంతోషం."

"నిజమేరా."

"మరే. జ్వానే కొడుకువి, నిజమే చెబుతావు. ఇలా తే గొలుసు. తిండి నా చేత్తోనే పెడతాను, నా పళ్ళెంలోదే పెడతాను. నువ్వు తిరిగొచ్చేసరికి దీనికేమన్నా అయితే నన్నడుగు. ఈసారి రెండుసార్లు అడక్కు."

దియానా ఒకసారి సిల్వానో చేతిని నాకి, లివియో కాళ్ళ దగ్గర కూర్చుంది. సిల్వానో బస్సెక్కాడు. తుంటి ఒత్తిపడకుండా ఒక వైపుకు ఒరిగి కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాడు.

లివియో అప్పుడే కుక్కను తీసుకుని బయల్దేరాడు. ఊరి చివర బాట రెండుగా చీలే చోట దియానా కుడి వైపుకు, పాత మర దారికి లాగింది. గొలుసు బిగిసింది. లివియో ఆగి కుక్కను చూశాడు. బస్సును చూశాడు. మళ్ళీ కుక్కను చూశాడు. వాడి మొహం మీద ఎదుటివాడి ముక్క పసిగట్టిన పేకాటగాడి నవ్వు వచ్చింది. దీనిక్కూడా నేర్పాడు, అనుకుంటున్నాడని సిల్వానోకు అంత దూరంనుంచీ తెలిసింది. లివియో కుక్కను ఎడమ వైపుకు, రాళ్ళు తప్ప ఏమీ పుట్టని ద్రాక్షతోట గుట్ట మీదికి, ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాడు.

సిల్వానో పిడికిలితో అద్దం మీద కొట్టి, కుడి వైపు వేలు చూపించాడు. లివియో అది చూశాడు. చూసి, తను అనుకున్నదే రూఢి అయినట్టు తలాడించి, ఇంకా గబగబా ఎడమ వైపుకు నడిచాడు.